ఉబుంటు 22.04లో ఏ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవ్వట్లేదు, శనివారం రాత్రి బస్సు, కొంచెం హెల్ప్ చేయండి ప్లీజ్

పద్మ_మారతహళ్ళి (గురువారం రాత్రి 9:50)

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటా. లాప్‌టాప్ పాతది, ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు నాన్న కొనిచ్చింది, అందులో విండోస్ కాదు, ఉబుంటు 22.04 అనే లినక్స్ ఉంది. ఆఫీసు వాళ్ళు వేరేది ఇచ్చాక దీని అవసరం పడలేదు, సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్ళి వచ్చి బీరువాలో పెట్టేశా, మళ్ళీ నిన్ననే తీశా.

ఎందుకు తీశానంటే, మా నాన్న తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు, మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. మా ఊరి పాత సంగతులు, వాళ్ళ నాయనమ్మ చెప్పిన సామెతలు, ఏ వీధికి ఆ పేరెందుకొచ్చిందో అవన్నీ మూడు లాంగ్ నోట్‌బుక్కుల నిండా రాసుకున్నారు. కంటి ఆపరేషన్ అయ్యాక సన్న అక్షరాలు చదవడం కష్టంగా ఉంది, కంప్యూటర్లో అయితే పెద్దగా పెట్టుకుని టైప్ చేసుకుంటానన్నారు. దసరాకి వెళ్తూ ఇది ఇచ్చేద్దామని, తెలుగు టైపింగ్‌కి ఐబస్-ఎమ్17ఎన్, లిబ్రెఆఫీస్ తెలుగు ప్యాక్, పోతన వేమన ఫాంట్లు పెడదామని కూర్చున్నా, నిన్న రాత్రి పదింటికి మొదలెడితే రెండున్నర దాకా అదే పని.

జరిగింది జరిగినట్టు చెప్తా. మొదట ఆప్ట్ (ప్యాకేజీలు నెట్ నుంచి దించి పెట్టేది) ఇన్‌స్టాల్ కొడితే లాక్ దొరకట్లేదు, అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్ అనే ప్రాసెస్, అప్‌డేట్లు దానంతటదే వేసుకునేది, పట్టుకుని ఉంది అంది. ఐదు నిమిషాలు చూశా, ఇంకా అదే. నెట్‌లో ఎవరో లాక్ ఫైల్ డిలీట్ చేసేయమన్నారు, చేసేశా. తర్వాత డీపీకేజీ (ఆప్ట్ దించినవాటిని సిస్టంలోకి ఎక్కించేది) మధ్యలో ఆగిపోయింది, కాన్ఫిగర్ చేయమంది, అది చెప్పిన కమాండే కొడితే ఏదో కొంత చేసింది. మళ్ళీ ఇన్‌స్టాల్ కొడితే ఈసారి లిబ్రెఆఫీస్ ఫైళ్ళన్నిటికీ 404, దొరకలేదు అని వరసపెట్టి వచ్చాయి. ఇక విసుగొచ్చి ఐబస్-ఎమ్17ఎన్ డెబ్ ఫైల్ (ప్యాకేజీ ఫైల్) ఒక్కటే ఫోన్‌లో దించి కేబుల్‌తో పంపి డీపీకేజీతో ఎక్కించా. లిబ్‌జీలిబ్2.0-0టీ64 కావాలి అంది, అది నా సిస్టంలో లేదు, ఆప్ట్‌లో వెతికినా లేదు. ఇప్పుడు ఏ కమాండ్ కొట్టినా అన్‌మెట్ డిపెండెన్సీస్ (కావాల్సిన వేరే ప్యాకేజీలు లేవు) అనే ఒక్క మాటే.

అన్నట్టు బ్రౌజర్లో కూడా కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి, కొన్నిటికి కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఎర్రగా వస్తోంది, అది పీజీ వైఫై గొడవ అనుకుంటా, దాన్ని వదిలేయండి.

మొత్తం ఫార్మాట్ చేయాలా? పెన్‌డ్రైవ్ ఉంది కానీ హార్డ్‌డిస్క్‌లో కాలేజీ ఫొటోలున్నాయి, అమ్మ ఉన్నప్పటివి. ఫోన్లోంచి తెలుగు కీబోర్డ్‌తో రాస్తున్నా, కమాండ్లన్నీ తెలుగులోనే ఉన్నాయి, ఏమీ అనుకోకండి.

బెళ్ళందూర్_కిరణ్ (గురువారం రాత్రి 10:05)

అక్కా, ఫార్మాట్ అక్కర్లేదు. సుడో ఆప్ట్ క్లీన్ కొట్టి, తర్వాత ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్ కొట్టండి. ఆప్ట్ అప్‌డేట్‌లో డేట్ గురించి ఏమైనా ఎర్రర్ వస్తే చెక్-డేట్ అనే ఆప్షన్‌ని ఫాల్స్ పెట్టి రన్ చేయండి, నేను వర్చువల్ మెషిన్‌లో అలాగే చేసేవాడిని, పనిచేస్తుంది.

పాత_సిస్అడ్మిన్ (గురువారం రాత్రి 10:20)

అమ్మా పద్మా, ఒక్క నిమిషం ఆగు, ఇంకే కమాండూ కొట్టొద్దు. ఫొటోలు ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, ఇవ్వాళ రాత్రే చేసుకో, ఈ గొడవతో వాటికేమీ కాదు గానీ పాత హార్డ్‌డిస్క్‌ని నమ్మకూడదు.

నువ్వు చివర్లో వదిలేయండి అన్నావు చూడు, కొన్ని సైట్లు తెరుచుకుంటున్నాయి కొన్ని కావట్లేదు అని, నాకు అనుమానమంతా దాని మీదే ఉంది. మూడు విషయాలు చెప్పు. టెర్మినల్లో డేట్ అని కొడితే ఏం వస్తుంది? టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొడితే అందులో సిస్టం క్లాక్ సింక్రనైజ్డ్ అన్న చోట అవునని ఉందా కాదని ఉందా? ఆప్ట్ అప్‌డేట్ కొట్టినప్పుడు ఆఖరి లైన్ కాదు, అన్నిటికంటే ముందు వచ్చిన ఎర్రర్ ఏంటి? నువ్వు చెప్పిన కథలో అప్‌డేట్ ఊసే లేదు, నేరుగా ఇన్‌స్టాల్‌లోకి వెళ్ళిపోయావు.

పద్మ_మారతహళ్ళి (గురువారం రాత్రి 10:45)

సార్, ఫొటోలు కాపీ అవుతున్నాయి.

డేట్ కొడితే జనవరి 19 అని వచ్చింది!! పైన మధ్యలో టైం తేడాగా ఉందని నిన్నే చూశా కానీ తేదీ చూడలేదు. సింక్రనైజ్డ్ దగ్గర నో అని ఉంది. అప్‌డేట్ నిన్న కొట్టాను సార్, కింద ఏవో వస్తే వార్నింగే కదా అని ఊరుకున్నా. ఇప్పుడు చూస్తే జామీ-అప్‌డేట్స్ (జామీ అంటే 22.04 పేరే) రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, ఇంకో 249 రోజులు ఆగాలి, ఈ రిపాజిటరీ (ప్యాకేజీలుండే చోటు) అప్‌డేట్లు తీసుకోను అని ఉంది. సెక్యూరిటీకీ అదే మాట. అంటే మొత్తం గడియారం వల్లేనా?

పాత_సిస్అడ్మిన్ (గురువారం రాత్రి 11:25)

మొదలు అక్కడే అమ్మా. మిగతావి దాని మీద ఒకదాని తర్వాత ఒకటి పేరుకున్నాయి. కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే నువ్వు ఊరెళ్ళి లాప్‌టాప్ నాన్నగారికి ఇచ్చి వచ్చేస్తావు, అక్కడ మళ్ళీ ఇదే జరిగితే ఫోన్లో చెప్పాల్సింది నువ్వే.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది, లాప్‌టాప్ ఆపేసినా లోపలి గడియారం నడిచేది దాని వల్లే. పదేళ్ళ లాప్‌టాప్ అంటే అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. రోజూ వాడుతున్నప్పుడు నీకు తెలియదు, పెద్ద బ్యాటరీలో చార్జ్ ఉన్నంత సేపూ గడియారానికి కరెంట్ అందుతూనే ఉంటుంది కాబట్టి. ఎనిమిది నెలలు బీరువాలో పడి ఉండేసరికి పెద్ద బ్యాటరీ కూడా పూర్తిగా ఎండిపోయింది, గడియారం ఆగిపోయింది.

మరి 2010కో 2015కో వెళ్ళిపోకుండా జనవరి 19 దగ్గరే ఎందుకు నిలబడింది? ఉబుంటులో టైంసింక్‌డీ అని ఒక సర్వీసు ఉంటుంది, నెట్ నుంచి సరైన టైం తెచ్చుకున్నప్పుడల్లా ఆ టైంని ఒక ఫైల్ గుర్తుగా డిస్క్‌లో దాచుకుంటుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు గడియారం అంతకన్నా వెనక్కి ఉంటే కనీసం అక్కడికి లాక్కొస్తుంది. నువ్వు ఊరి నుంచి వచ్చి మూసిన రోజు అదే అయి ఉంటుంది, చూసుకో. నెట్ తగలగానే ఈవేళ్టి టైం కూడా తెచ్చుకోవాలి మామూలుగా, కానీ అది యూడీపీ 123 పోర్ట్ మీద వెళ్తుంది, చాలా పీజీల వైఫైలో బ్రౌజింగ్‌కి కావాల్సినవి వదిలి మిగతా పోర్టులు కట్టేస్తారు. అందుకే సింక్ అవ్వలేదు. బ్రౌజర్ సంగతీ ఇంతే, సైట్ల సర్టిఫికెట్లకి మొదలయ్యే తేదీ ఒకటి, ముగిసే తేదీ ఒకటి ఉంటాయి, జనవరి తర్వాత కొత్తగా తీసుకున్న సర్టిఫికెట్ నీ లాప్‌టాప్ లెక్కలో ఇంకా పుట్టలేదు. అంతకు ముందే తీసుకున్నవి తెరుచుకుంటున్నాయి.

ఇక 404లు. అప్‌డేట్ ఆగిపోయింది కాబట్టి నీ దగ్గరున్న ప్యాకేజీల జాబితా సంక్రాంతి నాటిది. లిబ్రెఆఫీస్‌కి ఈలోగా సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చాయి, కొత్త వెర్షన్ వచ్చాక పాత ఫైల్ సర్వర్ నుంచి తీసేస్తారు. నీ జాబితా పాత ఫైల్ పేరు చెప్తుంది, సర్వర్ అది లేదంటుంది. నువ్వు అన్నీ ఒకే కమాండ్‌లో అడిగావు కదా, ఒక్కటి దొరక్కపోయినా ఆప్ట్ దేన్నీ ఎక్కించదు, అందుకని ఐబస్ కూడా ఆగింది.

తర్వాత ఫోన్‌లో దించిన డెబ్. పేరులో టీ64 ఉన్న లైబ్రరీ అడిగిందంటే అది 24.04 కోసం, అంటే నోబుల్ కోసం కట్టిన ప్యాకేజీ, నీది 22.04 జామీ. ఆ టీ64 ఏంటంటే, 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల లెక్క 2038 జనవరి 19న నిండిపోతుంది, దాన్ని 64 బిట్లకి మార్చడానికి డెబియన్, ఉబుంటు వాళ్ళు బోలెడన్ని లైబ్రరీల పేర్లు మార్చి మళ్ళీ కట్టారు. ముఖ్యంగా పాత 32 బిట్ ఏఆర్‌ఎమ్ మెషిన్ల కోసం చేసిన పని, కానీ పేర్లు మన లాప్‌టాప్‌ల మీదా మారాయి. జామీలో ఆ పేరే లేదు, ఎంత వెతికినా దొరకదు. దాని కోసం నోబుల్ లైన్ తెచ్చి సోర్సెస్‌లో, అంటే ఆప్ట్ ఎక్కడి నుంచి దించాలో రాసి ఉండే జాబితాలో, పెట్టమని ఎవరైనా చెప్తే మాత్రం అస్సలు పెట్టొద్దు, దాంతో పాటు దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే లిబ్‌సీ కూడా మారిపోతే వెనక్కి తేవడం చాలా కష్టం, అప్పుడు నిజంగానే ఫార్మాట్.

ఇప్పుడు చేయాల్సింది. పీజీ వైఫై తీసేసి నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపు. రెండు నిమిషాలు ఆగి డేట్ చూడు, ఈవేళ్టిది రావాలి. రాకపోతే టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ఫాల్స్ అని కొట్టి, తర్వాత సెట్-టైం అని తేదీ, టైం చేత్తో ఇవ్వు, ఎన్‌టీపీ, అంటే నెట్ నుంచి టైం తెచ్చుకోవడం, ఆపకుండా చేత్తో పెడితే ఒప్పుకోదు. టైం సరిపోయాక సుడో డీపీకేజీ -ఆర్ ఐబస్-ఎమ్17ఎన్ కొట్టి ఆ నోబుల్ ప్యాకేజీ తీసేయ్. సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ కొట్టు. డీపీకేజీ --ఆడిట్ కొట్టు, ఏమీ చూపించకుండా ఊరుకుంటే సగంలో ఉన్నవేవీ లేవన్నట్టు. అప్పుడు ఆప్ట్ అప్‌డేట్, ఈసారి మొదటి లైన్ నుంచి చదువు. అది శుభ్రంగా అయ్యాకే ఇన్‌స్టాల్.

లాక్ ఫైల్ గురించి రేపు రాస్తాను, అది కూడా నీకు తెలియాలి.

బెళ్ళందూర్_కిరణ్ (శుక్రవారం ఉదయం 8:10)

సార్ నాకొక డౌట్. చెక్-డేట్ ఫాల్స్ పెడితే అప్‌డేట్ అయిపోయేది కదా, 404లు కూడా పోయేవి. అది తప్పా? నేను ఆఫీసు టెస్ట్ మెషిన్లలో చాలాసార్లు పెట్టా.

పాత_సిస్అడ్మిన్ (శుక్రవారం ఉదయం 8:55)

కిరణ్, అయ్యేది, నువ్వు చెప్పింది పనిచేయదని అనను. కానీ ఆ తేదీ ఊరికే పెట్టలేదు. రిలీజ్ ఫైల్‌లో ప్యాకేజీ జాబితాల హ్యాష్‌లు, అంటే ఫైళ్ళ వేలిముద్రల్లాంటివి, ఉంటాయి, ఆ జాబితాల్లో ఒక్కో డెబ్ హ్యాష్ ఉంటుంది, పైన రిలీజ్ ఫైల్ మీద ఉబుంటు వాళ్ళ సంతకం. మధ్యలో ఎవరైనా డెబ్ మారిస్తే ఈ గొలుసు తెగి పట్టుబడతారు. సంతకం మార్చలేనివాడు చేయగలిగింది ఒకటుంది, పాత జాబితానే, సంతకం సరిగ్గానే ఉన్నదాన్ని, నీకు మళ్ళీ మళ్ళీ ఇస్తూ కొత్త ప్యాచ్‌లు నీదాకా రాకుండా ఆపడం. తేదీలు చూసేది అలాంటివి పట్టుకోవడానికే. టెస్ట్ మెషిన్ అయితే పది నిమిషాల్లో చెరిపేస్తావు, పర్లేదు. మాస్టారి లాప్‌టాప్‌లో ఆ ఆప్షన్ ఒకసారి కాన్ఫిగ్ ఫైల్‌లోకి ఎక్కితే తీసేవాళ్ళు ఎవరుంటారు? పైగా గడియారం తప్పుగానే ఉండిపోయేది, బ్యాంకు సైట్ తెరుచుకోక ఇంకో చోట ఇంకోటి ఆపేసేవాళ్ళం.

పద్మా, లాక్ సంగతి. ఆ ఫైల్ ఉండటమే లాక్ అనుకుంటారు చాలామంది, కాదు. ఫైల్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది, నడుస్తున్న ప్రాసెస్ దాని మీద కెర్నల్ దగ్గర లాక్ తీసుకుంటుంది, ప్రాసెస్ అయిపోగానే లాక్ దానంతటదే పోతుంది. నువ్వు ఫైల్ తీసేస్తే ఆ మొదటి ప్రాసెస్ ఆగదు, దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది, నీ ఆప్ట్ కొత్త ఫైల్ పుట్టించుకుని దాని మీద లాక్ తీసుకుని లోపలికి వచ్చేస్తుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకే ఖాతా పుస్తకంలో ఒకేసారి రాసినట్టు. ఆ ఖాతా పుస్తకం స్టేటస్ అనే ఫైల్, సిస్టంలో ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉందో మొత్తం అందులోనే. పాడైతే పక్కనే స్టేటస్-ఓల్డ్ అని ముందటి కాపీ ఉంటుంది, కానీ అక్కడిదాకా పోకూడదు. ఎనిమిది నెలల తర్వాత తీసిన లాప్‌టాప్‌లో అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్ ఐదు నిమిషాల్లో అవ్వదు. ఎర్రర్‌లో ప్రాసెస్ నంబర్ ఇస్తుంది, అది ఇంకా నడుస్తోందో లేదో చూసి, నడుస్తుంటే టీ తాగి రావడమే.

విజయనగర_కంప్యూటర్స్ (శుక్రవారం మధ్యాహ్నం 1:30)

నేను లాప్‌టాప్ రిపేర్లు చేస్తుంటా, బ్యాటరీ గురించి ఒక మాట. ఎక్కువగా వచ్చేది సీఆర్2032, 3 వోల్టులు, పేరులోనే కొలత ఉంది, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కానీ లాప్‌టాప్‌లలో చాలా వాటికి ఉత్త బిళ్ళ పెడితే పట్టదు, నల్ల తొడుగు వేసి ఎరుపు నలుపు రెండు సన్న వైర్లు, చివర చిన్న ప్లగ్ ఉంటుంది, అలా వైరుతో ఉన్నదే అడగాలి. ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది, కింద మూత విప్పి ఫొటో తీసుకుని వెళ్ళి చూపించండి, ప్లగ్ సైజులు తేడా ఉంటాయి. మార్చేటప్పుడు చార్జర్ తీసేసి, మెయిన్ బ్యాటరీ ప్లగ్ కూడా తీసి చేయండి మేడం. ఇవ్వాళ టైం లేకపోతే కంగారు లేదు, నాన్నగారిని చార్జ్ పూర్తిగా అయిపోనివ్వకుండా వాడుకోమనండి, దసరా తర్వాత మార్చుకోవచ్చు.

పద్మ_మారతహళ్ళి (శుక్రవారం రాత్రి 11:15)

అయింది!!! సార్ మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

హాట్‌స్పాట్ కలిపి ఊరికే పైన తేదీ వైపు చూస్తూ కూర్చున్నా, నిమిషం కూడా కాలేదు, జనవరి 19 కాస్తా ఒక్కసారిగా ఈవేళ్టి తేదీకి దూకింది. నేను ఊరి నుంచి వచ్చి మూసింది ఆ రోజే సార్, టికెట్ మెసేజ్ వెతికి చూశా. బ్రౌజర్లో సైట్లన్నీ కూడా తెరుచుకున్నాయి, ఎర్ర పేజీ ఒక్కటీ లేదు.

డీపీకేజీ -ఆర్ కొడితే ఆ నోబుల్‌ది పోయింది. కాన్ఫిగర్ -ఏ అన్నప్పుడు మూడు ప్యాకేజీలు పూర్తి చేసింది, నేను లాక్ తీసేసినప్పుడు ఆగిపోయినవి అవే అయి ఉంటాయి. ఆడిట్ ఏమీ చెప్పలేదు, నాకు నమ్మకం లేక రెండుసార్లు కొట్టా. అప్‌డేట్ శుభ్రంగా అయింది. ఇన్‌స్టాల్ ఈసారి ఒక్కోటి విడివిడిగా చేశా, ముందు ఐబస్-ఎమ్17ఎన్, తర్వాత ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా, అందులోనే పోతన2000, వేమన2000 రెండూ ఉన్నాయి, ఆఖరున లిబ్రెఆఫీస్ తెలుగు ప్యాక్. 404 ఒక్కటి కూడా రాలేదు. పోతనలో 24 సైజు పెట్టి నాన్న పేరు కొట్టి ఫొటో తీసి పంపా, ఇంత నిద్రలో కూడా లేచి ఫోన్ చేశారు.

బ్యాటరీకి రేపు పొద్దున్నే ఎస్పీ రోడ్ వెళ్తా, మూత విప్పి ఫొటో తీశా, వైరు ఉన్నదే.

బెళ్ళందూర్_కిరణ్ (శుక్రవారం రాత్రి 11:30)

సూపర్ అక్కా. సార్ చెప్పాక నేను కూడా ఆఫీసు మెషిన్లలో ఆ లైన్ వెతికి తీసేశా, రెండింటిలో అలాగే ఉండిపోయింది.

గుంటూరు_శారద (శనివారం ఉదయం 7:00)

పద్మా, అన్నీ సెట్ అయ్యాక చెప్తున్నా, మీ నాన్నగారికి ఐబస్‌లో ఏ పద్ధతి పెట్టావు? ఆర్‌టీఎస్ అయితే ఇంగ్లీష్ అక్షరాల్లో స్పెల్లింగ్ ఆలోచించుకుని కొట్టాలి. నేను మా అత్తయ్యకి నేర్పా, తెలుగు బాగా తెలిసినవాళ్ళకి ఇన్‌స్క్రిప్ట్ తేలిక, ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి వైపు హల్లులు, గుణింతం తెలిస్తే చాలు. దానికి అసలు ప్యాకేజీ కూడా అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో కీబోర్డ్ దగ్గర ఇన్‌పుట్ సోర్సెస్‌లో ప్లస్ నొక్కి తెలుగు అని వెతికితే వస్తుంది, ఆ కీలు ఇన్‌స్క్రిప్ట్ వరసే. సూపర్ కీ (విండోస్ బొమ్మ ఉన్నది), స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీష్‌కీ తెలుగుకీ మారుతుంది. అమ్మ అని రాయాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, ఉత్త డి, మళ్ళీ సి. ఉత్త డి అంటే పొల్లు. మా అత్తయ్యకి కీల మీద చిన్న కాగితాలు అంటించి ఇచ్చా, మొదటి వారం వాటిని చూసుకుంటూ కొట్టేది.

పద్మ_మారతహళ్ళి (ఆదివారం సాయంత్రం 6:40)

ఊరొచ్చేశా. బ్యాటరీ మార్చా, రాత్రంతా బస్సులో ఆఫ్‌లో ఉన్నా పొద్దున ఆన్ చేస్తే తేదీ సరిగ్గానే ఉంది, ఇక్కడ ఇంకా నెట్ కలపకముందే చూశా.

శారద గారు, మీరు చెప్పినట్టే ఇన్‌స్క్రిప్ట్ పెట్టా. మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చున్నారు, కాగితాలు అంటించేసరికి పదో నిమిషానికి తన పేరు, ఊరి పేరు కొట్టేశారు, ఇందాక నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని మొదటి పేజీ మొదలుపెట్టారు. ఒక్కచోట ఆగిపోయారు. మా ఊరి చెఱువు గురించి రాస్తున్నారు, చెరువు అని మామూలు ర పెడితే ఒప్పుకోవట్లేదు, బండి ఱ కావాలంటున్నారు, కీబోర్డ్ మీద నాకు దొరకలేదు. ఎక్కడుంది?

గుంటూరు_శారద (ఆదివారం సాయంత్రం 6:52)

ర ఉన్న కీయే, జె. షిఫ్ట్ పట్టుకుని నొక్కమను.